రెండు సీట్ల బండి ఎవరిది?

"ఇది నా బండి," అన్నాడు వాకిట్లో నిలబడిన పెద్దాయన.

ధనకోటి కారు కింద, మగ్గం తీసేసిన గుంతలో నిలబడి బ్రేకు నట్టు బిగిస్తున్నాడు. ఆ మాటకు చేతిలో స్పానరు ఆగిపోయింది. తల బయటికి పెట్టి చూశాడు. అరవై దాటిన మనిషి. తెల్ల చొక్కా, చంకలో తోలు సంచి. కనకమ్మ సత్రం ఊళ్ళో ఎప్పుడూ చూసిన ముఖం కాదు.

"ఎవురు సార్ మీరు?"

"నటరాజన్. మదరాసు నుంచి వస్తా ఉండా. పోయిన నెల మీరు కార్బొరేటరు కోసం ఒక స్పేర్ పార్టుల అంగడికి పోయినారంట కదా, ఆ అంగడాయన చెప్పినాడు. ఇట్లాంటి స్పోర్ట్స్ కారు నాకూ ఉండె. యాభై ఎనిమిదిలో బీచి కాడ నిలబెట్టి, వేరుశెనక్కాయలు కొనుక్కొని వచ్చేలోపల ఎవడో ఎత్తుకొని పోయినాడు. ఇరవై మూడేండ్లుగా వెతకతా ఉండా." సంచిలోంచి అంచులు చినిగిన ఆర్.సి. పుస్తకం తీశాడు.

లోపల్నుంచి ధనకోటి భార్య కుప్పమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. మూలన నూలు కండె చుడుతున్న ధనకోటి తండ్రి మునుస్వామి రాట్నం ఆపాడు.

"దొంగ సొమ్మేం కాదు సార్," అంది కుప్పమ్మ. "తిరువళ్ళూరు పాతినుము అంగట్లో కొన్నాడు ఈయన. అప్పుడు దీనికి చక్రాలు కూడా లేవు. లోపల కోడి పొదిగి ఉండింది."

"కొన్నది తప్పనలేదమ్మా. నంబరు చూసుకుంటా, అంతే."

ధనకోటి పైకొచ్చి బానెట్టు ఎత్తాడు. నంబరు రేకు మీది నూనెను గుడ్డతో తుడిచాడు. నటరాజన్ కళ్ళద్దాలు పెట్టుకుని, పుస్తకం తెరిచి, వంగి చాలాసేపు చూశాడు. తర్వాత పుస్తకం మూసి సంచిలో పెట్టుకున్నాడు.

"అదేనా సార్?"

"ఊఁ."

 ఆ పుస్తకం ఒకసారి ఇటివ్వండి అనాలనిపించింది ధనకోటికి. కానీ పెద్దాయన కళ్ళు తడిగా ఉన్నాయి. ఆ కళ్ళు చూశాక నోరు రాలేదు.

నటరాజన్ బండి చుట్టూ మెల్లగా తిరిగాడు. వెనక్కి మడిచిన టాపు గుడ్డను వేళ్ళతో నలిపి చూశాడు. "ఈ గుడ్డ యాడ దొరికింది?"

"దొరకలే. నేసినాను," అన్నాడు మునుస్వామి, పెద్దాయన మొహం చూడకుండా. "నాలుగు పోగుల నూలు. పైన మైనం పట్టించినా. కడవ నీళ్ళు పోసి చూసినాం, చుక్క దిగలే."

"సీట్లు?"

"కుప్పమ్మ కుట్టింది," అన్నాడు ధనకోటి. "ఆ గుడ్డ నేసినాక, బండి కింద పనికి ఈ గుంత కావాలని మా నాయన మగ్గమే తీసేసినాడు సార్."

"స్టార్టు అవుతుందా?"

"శుక్రవారం నుంచి అవుతా ఉంది. రోడ్డు మీదికి ఇంకా తీయలే. బ్రేకులు ఇప్పుడే అయినాయి."

 ధనకోటి గోడకు తగిలించిన తాళంచెవి తీసి నటరాజన్ చేతిలో పెట్టాడు.

"ఏందిరా అది?" మునుస్వామి లేచాడు. "రెండేండ్లురా!"

"తెలీక కొన్నాను నాయనా. తెలిసినాక కూడా పెట్టుకుంటే నేనూ ఆ దొంగోడే కదా."

 మునుస్వామి వెళ్ళి, బండి బయటికి రావడానికి గుంత మీద రెండు పలకలు తనే సర్ది పరిచాడు. కుప్పమ్మ లోపలికి పోయి పసుపు, కుంకుమ, నాలుగు నిమ్మకాయలు తెచ్చింది. "ఎవురిదైతే ఏంది, మొదటిసారి రోడ్డెక్కతా ఉంది," అని నాలుగు చక్రాల కిందా పెట్టి, కొంగుతో ముఖం తుడుచుకుంది.

"మీరూ రండి," అన్నాడు నటరాజన్ ధనకోటితో. "తిరుత్తణి కొండ కనబడేదాకా పోయొస్తాం."

నిమ్మకాయలు నలిగాయి. ఆకుపచ్చ బండి ఊరు దాటి రోడ్డెక్కింది. చెరకు బండ్లవాళ్ళు ఎద్దుల్ని ఆపి చూశారు. ఎదురొచ్చిన బస్సులో జనం ఒక పక్కకే ఒరిగారు. నటరాజన్ గేరు మార్చిన ప్రతిసారీ చిన్నగా నవ్వుతున్నాడు. పక్కన ధనకోటి ఇంజను చప్పుడే వింటున్నాడు.

కొండ కనబడ్డాక బండి ఆగింది.

"మూడో గేరు కొంచెం గీరతాది సార్," అన్నాడు ధనకోటి. "ఒక్క క్షణం ఆగి గేరు వేయండి. పొద్దున్నే అయితే చోకు సగమే లాగాల, ముప్పావు లాగితే పెట్రోలు ఎక్కువై ముంచుకుంటాది. వానలో టాపు తడిస్తే నీడలోనే ఆరబెట్టండి. ఎండలో పెడితే మైనం కారిపోతాది."

నటరాజన్ ఒక్కో మాటకీ తల ఊపుతూ విన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు నవ్వలేదు.

బండి ఇంటి ముందు ఆగేసరికి కుప్పమ్మ, మునుస్వామి వాకిట్లోనే నిలబడి ఉన్నారు. నటరాజన్ ఇంజను ఆపి దిగాడు. తాళంచెవి ధనకోటి అరచేతిలో పెట్టి, వేళ్ళు తనే మూశాడు.

"ఇది నా బండి కాదు."

ముగ్గురూ అతని ముఖంలోకి చూశారు.

"నంబరు చూసి ఊఁ అంటివే!" అన్నాడు మునుస్వామి.

"ఒక్క అంకె కూడా కలవలేదన్నా."

"మరి అప్పుడే చెప్పకూడదా సార్?" అంది కుప్పమ్మ. "ప్రాణాలు పోయినంత పనైంది మాకు!"

నటరాజన్ సంచి చంకలో పెట్టుకుని, బండిని ఇంకోసారి చూసుకున్నాడు.

"ఇంతకు ముందు ఇట్లాంటి బండి ఉన్న రెండిండ్లల్లో నంబరు కలవలేదని అప్పుడే చెప్పినానమ్మా. ఒక్కసారి నడుపుకోమని ఎవురూ తాళం ఇవ్వలేదు."