చెవి పెద్దమ్మ

కూతురు పాలగ్లాసు కడిగి ఆసుపత్రి వార్డులోకి తెచ్చేసరికి, ఎవరో ముసలావిడ ఆమె తండ్రి నోటి దగ్గర చెవి ఆనించి ఉంది.

కూతురు గబగబా మంచం దగ్గరికి వచ్చింది.

బూడిదరంగు శాలువా, చప్పుడు చేయని చెప్పులు. ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు. కళ్ళు మూసుకుని, గోడ అవతలి మాటలు వింటున్నట్టు ఆయన ఊపిరి వింటోంది.

"ఎవరండీ మీరు?"

ముసలావిడ వేలెత్తి ఆగమంది. వినడం అయ్యాకే కళ్ళు తెరిచింది.

"ఈయనకి ఇక పాలు పట్టకు," అంది మెల్లగా.

వచ్చినంత నిశ్శబ్దంగానే వెళ్ళిపోయింది.

పక్క మంచం రోగి భార్య అంతసేపూ ఊపిరి బిగబట్టి చూస్తోంది. ఆ వార్డులో ఏ కబురైనా ఆవిడ నోట పడకుండా గడప దాటదు.

"అయ్యో తల్లీ, మీ వంతొచ్చిందా!"

"ఏం వంతు?"

"ఆవిణ్ణి మేం చెవి పెద్దమ్మ అంటాం. పక్షవాతం వచ్చినవాళ్ళ నోటి దగ్గర చెవి పెట్టి, ఊపిరి ఎంత మిగిలిందో వింటుంది. విన్న మంచం ఒకటి రెండు రోజుల్లో ఖాళీ! ఆ మూల టైలరు, తలుపు దగ్గర మాస్టారు... అందర్నీ లోపలి గదికి తోసుకుపోయారు. ఒక్కరైనా తిరిగొస్తే ఒట్టు."

కూతురు తండ్రి వంక చూసింది. బతుకంతా బస్సు నడిపిన మనిషి. పక్షవాతం కుడిపక్కనీ, మాటనీ ఎత్తుకుపోయింది గానీ పాత బుద్ధి పోలేదు. నర్సు మందుల బండి తోసుకొస్తే చాలు, ఎడమచేత్తో గాల్లో హారన్ నొక్కి దారి ఇమ్మంటాడు. ఆ పొద్దున కూడా నొక్కాడు. డాక్టరు నవ్వి, "జ్వరం లేదు, బీపీ బాగుంది, కోలుకుంటాడు" అన్నాడు.

తల్లి పోయాక ఆమెకి మిగిలింది ఆ హారన్ ఒక్కటే. దాన్ని ఎవరికీ ఇవ్వదలచుకోలేదు.

మర్నాడు పొద్దున ఎప్పటిలాగే ఆయన రక్తం తీసుకెళ్ళారు. ఆ తర్వాత ఆమె ఆయాని బతిమాలి, కిటికీ గాలి వంక చెప్పి, తండ్రిని వరండా చివరి గదిలోకి మార్పించింది. పాత మంచం మీద దుప్పటి కూడా తీయించేసి, అక్కడే కాపలా కూర్చుంది.

మధ్యాహ్నం చెవి పెద్దమ్మ రానే వచ్చింది. నేరుగా ఆ మంచం దగ్గరికే.

ఖాళీ పరుపు మీద అరచెయ్యి ఆనించి, వెచ్చదనం వెతుకుతున్నట్టు కాసేపు నిలబడింది.

"ఈయనేరీ?"

"ఇంటికి పంపించేశారు."

"ఇంటికా?" ముసలావిడ మొహం పాలిపోయింది. "ఈ రక్తంతోనా?"

కూతురు ఒక అడుగు వెనక్కి వేసింది. నాన్న రక్తంతో ఈవిడకేం పని?

"చూడమ్మా, నేనెవరో నీకు..."

"తెలుసు. అందరూ చెప్పారు. ఇంక మా జోలికి రాకండి."

"తిడితే తిట్టావు గానీ, ఇల్లెక్కడో చెప్పు."

వెళ్తే వెళ్ళనీ, తాళం వేసిన ఇంట్లోంచి ఎవర్ని పట్టుకుపోతుంది? కూతురు వీధి పేరూ, ఇంటి గుర్తులూ పూసగుచ్చినట్టు చెప్పింది.

ముసలావిడ ఆ వయసులో పరుగులాంటి నడకతో వెళ్ళిపోయింది.

పీడ విరగడైందనుకుంది కూతురు. ఆ సాయంత్రం సంతోషం పట్టలేక, తండ్రికి గ్లాసు నిండా పాలు పట్టింది. ఆయనకి మాటిమాటికీ పొలమారింది.

"నిదానం నాన్నా, బస్సేం వెళ్ళిపోదు," అని నవ్వుతూ మూతి తుడిచింది.

తెల్లారేసరికి ఆయన ఒళ్ళు పెనంలా కాలుతోంది. ఛాతీలో గురగుర. డాక్టర్లు ఉరుకులు పరుగుల మీద వచ్చారు. ఊపిరితిత్తులు నిండిపోయాయన్నారు. ఎడమచెయ్యి ఒకసారి గాల్లోకి లేచి, హారన్ ఎక్కడుందో తెలియనట్టు తడుముకుని, పక్కన వాలిపోయింది.

తండ్రి దేహాన్ని ఇంటికి తెచ్చేసరికి ఎదురింటి అత్తయ్య గుమ్మం దగ్గర కన్నీళ్ళతో నిలబడి ఉంది. చేతిలో మందుల సంచి.

"నిన్న శాలువా కప్పుకున్న పెద్దావిడ ఒకావిడ మీ ఇంటికొచ్చిందే. ఇది ఇచ్చి వెళ్ళింది."

కూతురు సంచిని దూరంగా నెట్టింది. "ఇక్కడిదాకా వచ్చిందా! చావు వాసన పట్టి..."

"ఛ, అవేం మాటలే! ఆసుపత్రి ఎదుట ల్యాబులో మీ వార్డు వాళ్ళ రక్తాలన్నీ చూసే డాక్టరమ్మట ఆవిడ."

కూతురు సంచిలోని మందుల వంక చూసింది.

"లోపల వాపు రాజుకుంటే జ్వరం కన్నా ముందే రక్తంలో కనిపిస్తుందట. అలా కనిపించినవాళ్ళ దగ్గరికి భోజనం మానుకుని పరిగెత్తుతుందట, తాగింది ఊపిరితిత్తుల్లోకి జారుతోందేమో వినడానికి. జారుతుంటే డాక్టర్లతో పోట్లాడి లోపలి గదిలో పెట్టించి ప్రత్యేకంగా వైద్యం చేయిస్తుందట. 'ఓ టైలర్నీ, ఓ మాస్టార్నీ అక్కణ్ణుంచే నయం చేయించి ఇంటికి పంపాను, ఈయన్నీ దక్కించుకుంటాను' అంది."

అత్తయ్య కొంగుతో కళ్ళొత్తుకుంది.

"తాళం చూసి ఆసుపత్రికి ఫోన్ చేస్తే ఆ మంచం ఖాళీ అన్నారట. ఇక ఆ పిచ్చితల్లి చీకటిపడేదాకా ఈ వీధిలో ప్రతి తలుపూ కొడుతూ, 'డ్రైవరుగారు మీ ఇంట్లో ఉన్నారా? ఇంకా టైముంది, బతికించొచ్చు' అని అడుగుతూనే తిరిగిందే!"