కాపలా మనిషి

“మావాణ్ణి ఏదైనా ఆస్పత్రిలో చేర్చండి తల్లీ. వాడి సెలవు ఇంకా నాలుగు రోజులే. ఈలోగా మా ఇంట్లో ఎవరికేమవుతుందోనని నా గుండె కొట్టుకుంటోంది!”

సైనిక కుటుంబాల సహాయ కేంద్రంలో కుర్చీ అంచున కూర్చుని పెద్దావిడ ఒక్క గుక్కలో చెప్పేసింది. ఎదురుగా ఉన్న కౌన్సెలర్ మరీ చిన్నపిల్ల. తన కోడలికంటే ఓ రెండేళ్ళు పెద్దదేమో. ఈ పిల్ల నా కష్టం ఏం తీరుస్తుందిలే అనిపించింది ఆవిడకి. కానీ ఇంకో దారి లేదు. గోడ గడియారం పది దాటింది. పదకొండుకల్లా కొడుకు ఇల్లు చేరతాడు.

“కొడతాడా అమ్మా?”

“అయ్యో, చెయ్యెత్తడు. అరవడు కూడా. అరిచినా బాగుండును. సరిహద్దు నుంచి వచ్చి మూడు వారాలైంది. మొదటి పది రోజులు బాగానే ఉన్నాడు. ఆ తర్వాత ఏం పురుగు కుట్టిందో, స్క్రూడ్రైవరు పట్టుకుని స్నానాలగది గడియ ఊడదీశాడు. ఆడవాళ్ళున్న ఇల్లమ్మా! నా బీపీ మాత్రలు ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేసుకున్నాడు. పూటకొకటి చేతిలో పెడతాడు, రేషన్‌లాగా. నేను బట్టలు కుట్టుకుని బతికినదాన్ని. నా కత్తెర కూడా ఆ పెట్టెలోకే పోయింది. ఈ వయసులో దారం పళ్ళతో కొరుక్కోవాలా? ఉన్నవే నాలుగు పళ్ళు!”

కౌన్సెలర్ నవ్వలేదు. రాస్తున్న పెన్ను ఆగింది.

“నిద్రపోతాడా?”

“ఎక్కడ! పడగ్గది గుమ్మానికి అడ్డంగా కూర్చుంటాడు. కోడలు మంచినీళ్ళకి లేస్తే వెనకే. బట్టలారేయడానికి మేడెక్కితే వెనకే. ఎందుకురా అంటే, ‘ఒట్టేశానమ్మా, అడక్కు’ అంటాడు. ఆ ఒట్టేమిటో, ఆ మిలిటరీ రహస్యమేమిటో!”

పెద్దావిడ పమిటతో ముఖం తుడుచుకుంది. పోయిన వారం ఇదే కేంద్రం వాళ్ళు ఆడవాళ్ళని పిలిచి మీటింగు పెట్టారు. యుద్ధం చూసొచ్చిన మగవాళ్ళలో కనబడే గుర్తులు బొమ్మలతో సహా చెప్పారు. నిద్ర ఉండదు, ఊరికే అనుమానం, ఇంట్లోనూ కాపలా. ఒక్కొక్కటీ ఆవిడ వేళ్ళమీద లెక్కపెట్టుకుంది. అచ్చం తన కొడుకే.

“మీ కోడలు ఏమంటుంది?”

“ఆ పిల్ల బంగారం. పల్లెత్తు మాట అనదు. వీడు సరిహద్దులో ఉండగా ఏడో నెలలో కడుపు పోయింది. అప్పుడు కూడా ఒక్క కన్నీటిచుక్క రాల్చలేదంటే నమ్ముతారా? అంత గుండెనిబ్బరం. అలాంటిదాన్ని ఖైదీని చేసి కూర్చోబెట్టాడు.”

“మరి ఇవాళ మీరెలా రాగలిగారు?”

“సెలవు పొడిగించమని అడగడానికి ఆఫీసుకి వెళ్ళాడు. వెళ్తూ నా రెండు చేతులూ పట్టుకుని, ‘నేనొచ్చేదాకా నువ్వు గడప దాటకమ్మా’ అన్నాడు. ఇక నన్నూ బంధించేస్తాడన్నమాట! వాడు వీధి మలుపు తిరగ్గానే, చిలక్కొయ్యకున్న వాడి చొక్కా వెతికి పెట్టె తాళంచెవి తీశాను. కోడలి చేతిలో పెట్టేశాను. స్నానాలగది గడియ నేనే మళ్ళీ బిగించాను. ‘ఈ ఒక్క పూటైనా తలుపేసుకుని తీరిగ్గా స్నానం చెయ్యి తల్లీ’ అన్నాను.”

ఆవిడ ముఖం క్షణంసేపు వెలిగింది.

“నవ్విందమ్మా నా కోడలు! అయిదు నెలల తర్వాత నవ్వింది. నన్ను కూర్చోబెట్టి తల దువ్వింది. ‘తొందరపడకుండా రండి అత్తయ్యా’ అంది.”

కౌన్సెలర్ ఏదో అనబోయింది. పెద్దావిడ ఆగలేదు. సంచిలోంచి మడతపెట్టిన కాగితం తీసి బల్లమీద పరిచింది.

“నా మాట నమ్మకపోతే ఇది చూడండి. ఆ జేబులోనే దొరికింది. వాడి పిచ్చికి వాడి చేతిరాతే సాక్ష్యం.”

గడియలు, మందులు, కత్తెరలు, మేడమెట్లు. ఒక్కొక్కదాని పక్కన ఎర్రసిరాతో టిక్కు. ఆఖరి మాటకి మాత్రం టిక్కు లేదు. ‘బదులు ఇంకో మనిషి వచ్చేదాకా కాపలా వదలకూడదు.’

“ఎవరిమీదమ్మా కాపలా? మా ఇంట్లో శత్రువెవరున్నారు?”

కౌన్సెలర్ లేచిన విసురుకి కుర్చీ వెనక్కి పడిపోయింది.

“డ్రైవర్! జీపు తియ్యి! అమ్మా, మీ పక్కింట్లో ఎవరుంటారు? నంబరు చెప్పండి, త్వరగా!”

“నర్సమ్మ... ఈ వారం రాత్రి డ్యూటీ, ఇంట్లోనే ఉంటుంది...” పెద్దావిడ సెల్‌ఫోను అందించింది. “ఏమైంది తల్లీ? వాడు అప్పుడే వచ్చేశాడా? నా కోడల్ని ఏమైనా చేస్తాడా?”

కౌన్సెలర్ ఫోనులో అరుస్తోంది. “వెళ్ళి తలుపు కొట్టండి. పలక్కపోతే పగలగొట్టండి. లోపలికెళ్ళి మేం వచ్చేదాకా పక్కనే ఉండండి.”

పెద్దావిడ ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“వాణ్ణి కొట్టకండమ్మా! నా కొడుకు చెడ్డవాడు కాదు, వాడిది జబ్బు. ఆ రాతలు చూశారుగా!”

కౌన్సెలర్ ఆవిడని గుమ్మంవైపు నడిపిస్తూనే అంది.

“ఆ రాతలు మీ అబ్బాయి చేత నేనే రాయించానమ్మా, మీ కోడలి ప్రాణం కోసం.”