మంచి ఫొటో ఒకటి

బళేపేటలో ఆ ఇంటి మెట్ల కింద నిలబడి, శ్రీజ మెడలోని పత్రిక గుర్తింపు కార్డును చున్నీ చాటున దాచుకుంది.

విలేఖరిగా చేరి ఇంకా నెల తిరగలేదు. ఎవరు, ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు, ఎలా అన్న తొలిపాఠం కంఠస్థమైంది. ఈ ఉదయం అసలు పాఠం అప్పగించారు. దేవనహళ్ళి దారిలో తెల్లవారుజామున లారీ ఢీకొని పునీత్ అనే టాక్సీ డ్రైవరు చనిపోయాడు. ఆ ఇంటికి వెళ్ళి అతని ఫొటో తేవాలి. తల్లి రామక్క నోట నాలుగు మాటలు రాబట్టాలి.

"ఏడుస్తున్న మనిషిని ఎట్లా అడగను మేడమ్?" అని ఆఫీసులోనే అడిగింది శ్రీజ.

"అడగడానికే జీతం," అంది మార్త. కొత్తవాళ్ళకు పని నేర్పేది ఆవిడే. "పోలీసులు చెప్పీ చెప్పగానే నిన్ను పంపిస్తున్నా. మిగతా పేపర్లవాళ్ళకంటే ముందు నువ్వుండాలి. ఫొటో లేకుండా వచ్చావా, రేపటి నుంచి రాశిఫలాలు దిద్దుకుంటూ కూర్చో!"

చావింటికి వెళ్ళి చేయి చాచడం. అమ్మమ్మ వింటే గడప తొక్కనిస్తుందా? సిగ్గుతో కాళ్ళు ఈడ్చుకుంటూ మెట్లెక్కింది.

తలుపు తెరిచే ఉంది. జనం లేరు. బంధువులంతా ఆస్పత్రికి వెళ్ళి ఉంటారనుకుంది. లోపల చాప మీద ఒక పెద్దావిడ గాజులను దారంతో గుత్తులుగా కడుతోంది. ఎంతటి దుఃఖంలోనైనా కొందరి చేతులు పనిని విడువలేవు కాబోలు.

"రామక్కగారేనా అండీ? పేపరు నుంచి వచ్చాను. పునీత్‌గారి ఫొటో..." అంది శ్రీజ.

ఆవిడ చేతిలోని గాజులు చాప మీదికి జారాయి.

"మా పునీత్‌దా? పేపర్లో వేస్తారా?" కళ్ళు చెమ్మగిల్లాయి. కొంగుతో ఒత్తుకుంది. "వాళ్ళ నాయన ఉండుంటే బాగుండు పాపా."

శ్రీజ తల వంచుకుంది. భగవంతుడా, ఈవిడ నన్ను తిట్టి తరిమినా బాగుండును అనుకుంది.

రామక్క బీరువా తెరిచి ఫొటోలు పరిచింది. "ఇది వద్దు, దీంట్లో గడ్డం ఉండాది. ఇదో, ఇది వేయండి. మా వాడు నవ్వితే చూడాల!" అంటూ ఒకదాన్ని అరచేత్తో తుడిచి ఇచ్చింది. అందులో యువకుడు కబడ్డీ బనియనులో ఉన్నాడు. మెడలో పతకం.

"ఆయన గురించి రెండు మాటలు చెబుతారా?" అడుగుతున్న గొంతు తనదేనా అనిపించింది శ్రీజకు.

"ఏం చెప్పేది పాపా? మీసం రాకముందే ఇంటి బరువు మోసినాడు. నాకు ఏ పొద్దూ ఎదురు చెప్పలే. అట్లాంటి బిడ్డను కనేదానికి నేనే పుణ్యం చేసుకున్నా."

శ్రీజ రాసుకుంది. రాస్తుండగా, ఈ చివరి మాట శీర్షికకు సరిగ్గా సరిపోతుందన్న ఆలోచన మెరిసింది. అలా మెరిసినందుకు తనమీద తనకే అసహ్యం వేసింది.

"కాఫీ తాగిపో."

"వద్దండీ, వద్దు." చావింట్లో మంచినీళ్ళయినా ముట్టరాదని చిన్ననాడే నేర్చుకుంది. ఫొటో సంచిలో పెట్టుకుని లేచింది. అటువంటి ఇంట్లో వెళ్ళొస్తానని చెప్పకూడదు. చెప్పకుండానే గడప దాటింది.

"ఏం పాపా, చెప్పాపెట్టకుండా పోతావా? నిలు, నిలు!"

రామక్క మెట్ల దాకా పరుగున వచ్చింది. చేతిలో కుంకుమ భరిణె. శ్రీజ గడ్డం పట్టుకుని, నుదుట నిండుగా బొట్టు పెట్టి, ముఖమంతా వెలుగుతుండగా అంది:

"కబడ్డీలో గెలిచినందుకు పేపరోళ్ళు ఇంటికే వచ్చినారని, వాడు డ్యూటీ దిగి రాంగానే చెప్తా పాపా!"