ఎవ్వరూ కొనని బండి

“కాకా, ఒక్కసారి కోస్తే ఇగ మల్ల అతకదు. ఇంకోసారి జెప్తున్న,” అన్నాడు యాదగిరి, గ్యాస్ కట్టర్ చేతిలో పట్టుకుని.

“కొయ్యమన్న గదా,” అన్నాడు గోపయ్య.

కాటేదాన్‌లోని ఆ మెకానిక్ షెడ్డులో పాత కాంటెస్సా కారు, ముందు చక్రాలు లేకుండా జాకీల మీద నిలబడి ఉంది. ముందు సస్పెన్షన్ తీసేసి కొత్త రకానిది బిగించమని గోపయ్య పొద్దున్నే శంషాబాద్ నుంచి తోలుకొచ్చాడు. డెబ్బై దాటిన మనిషి.

“స్ప్రింగులు మంచిగనే ఉన్నయి గదనే! కొత్తది పెడితె గుంతల పడ్డప్పుడల్ల నీ నడుం ఇరుగుతది. మీ గల్లీల ఒక్కసారికే తిరిగే బండిని మూడుసార్లు ఎనకాముందు జెయ్యాలె. రేపు ఏదన్న ఇరిగితె సామాను యాడా దొర్కదు.”

“ఇంకా?”

“ఇంకేంది! చాసిస్ కోసిన పాత బండిని షోకున్నోడెవడూ ముట్టడు. ఫుకట్‌కిచ్చినా తీస్కోడు.”

“ఒట్టేనా?”

“నీ మీదొట్టు.”

“అయితె కొయ్యి బిడ్డా.”

యాదగిరికి అప్పుడు అర్థమైంది. బండికి బేరం కుదిరిందని, ఇవాళ చూసుకోవడానికి వస్తారని గోపయ్య కొడుకు నరేందర్ తనకు నిన్ననే ఫోన్లో చెప్పాడు.

“అమ్మొద్దని కొడుకుకు జెప్పరాదే కాకా?”

“జెప్పిన. తుక్కు మీద గంత పానమేంది బాపూ అని నవ్విండు.”

గోపయ్య తలుపు తెరిచి లోపలికి వంగాడు. డ్యాష్‌బోర్డు మీద ఎర్రటి బొట్టుబిళ్ల ఒకటి అతికించి ఉంది.

“దవాఖానల తీసెయ్యమంటరని మా ఇంటామె ఈరమ్మ ఈడ అతికిచ్చింది. మల్లొచ్చేటప్పుడు పెట్టుకుంట, పడేయకు అన్నది.” దాన్ని వేలితో మెల్లగా అదిమాడు. “నేనూ బండే వచ్చినం.”

యాదగిరి నల్లద్దాలు పెట్టుకుని కట్టర్ వెలిగించాడు. గోపయ్య అటు తిరిగి చెవులు మూసుకున్నాడు. అయినా ఇనుము దబ్బున నేలమీద పడిన చప్పుడు వినపడనే వినపడింది.

“బాపూ!”

గుమ్మంలో నరేందర్. పక్కన కారు కొనడానికి వచ్చిన శివశంకర్.

“బండి ఇంటికాడ లేకపోతె ఈడనే ఉంటదని వచ్చినం. ఏం జేసినవే గిట్ల?”

ఎన్నో రోజుల తర్వాత గోపయ్య నవ్వాడు. “కోయిపిచ్చిన బిడ్డా. ఇగ దీన్ని ఎవ్వరూ కొనరంట.”

నరేందర్ తల పట్టుకున్నాడు. శివశంకర్ మోకాళ్ల మీద కూర్చుని బండి కిందికి తొంగి చూశాడు. చాలాసేపు చూశాడు. లేచి చేతులు దులుపుకున్నాడు.

“మంచి పని జేసినవ్ పెద్దనాయినా! కొన్నంక నేను మొదలు కోయిపిద్దామనుకున్నది గదే. కొత్తది బిగియ్యంగనే ఈడికెంచే తీస్కపోత.”