రంగు పోని నలుపు

“ఉతికితే ఈ గుడ్డ రంగు పోతుందా?” మనాసే అలా అడగడం అది నాలుగోసారి.

“పోదన్నానుగా అన్నయ్యా! ఒట్టేసి చెప్పమంటావా?” అంది సెయినీ, బల్ల మీద నల్లగుడ్డ తాను పరుస్తూ.

టోంగా దీవుల రాజధాని నుకుఅలోఫాలో మార్కెట్‌కి ఎదురుగానే సెయినీ కుట్టుకొట్టు. ఊళ్లో సగం మందికి ఆవిడే గుడ్డలు కుడుతుంది. ఆ సగం మందిలో మనాసే అంత పిసినారి ఇంకొకడు లేడు. చర్చికి వేసుకునే కోటు మోచేతులకి రెండుసార్లు అతుకులు వేయించుకున్న ఘనుడు. అలాంటివాడు మీటరు తొమ్మిది పాంగాల గుడ్డని పక్కకి నెట్టేసి, ముప్పై ఎనిమిది పాంగాల తాను మీద చెయ్యి వేశాడు. పక్కనున్న అతని భార్య వైలేయా తెరిచిన నోరు మూయలేదు.

“నీకేమైనా మతి పోయిందా? మనం వచ్చింది నీ కోటు కోసం. కొత్త సంవత్సరం ప్రార్థన వారంలో ఆ అతుకులేసుకుని పాడేవాళ్ల ముందు నిలబడి పాడిస్తావా? నా పరువేం కావాలి?”

“నాకు పాతది చాలు. నీకు మంచిది కుట్టిద్దాం.”

“మంచిదంటే నలుపా? ఇప్పుడెందుకు నాకు?”

“మేనత్తకి ఎనభై తొమ్మిదేళ్లు. మొన్న జ్వరంతో మంచాన పడింది కదా. అప్పటికప్పుడు పరిగెత్తి ఏదో ఒకటి కొనేకంటే…”

“నిన్న లేచి కూచుని చేప తలకాయ మొత్తం లాగించింది మీ అత్త! నాకు ముల్లు కూడా మిగల్చలేదు. మనిషి బతికుండగా నలుపు కుట్టిస్తారా ఎక్కడైనా? అది ఇంట్లో కనపడితే, తననే రమ్మన్నారనుకుంటుంది చావు.”

ఆ మాటకి సెయినీ కత్తెర తీసి పక్కన పెట్టింది.

“అంతగా కావాలంటే ఆ తొమ్మిది పాంగాలది తీసుకుందాం. అత్త పోతే నేను నలుపు కట్టేది పది రోజులు. పదకొండో రోజున దాంతో నేల తుడుచుకుంటా. నువ్వే చెప్పు సెయినీ, పది రోజుల ముచ్చటకి ఇంత తగలేస్తారా?” అని అడిగింది వైలేయా.

నిజమే, పది రోజులకైతే తొమ్మిది పాంగాలదే ఎక్కువ. అయినా సెయినీ ఆ చవక గుడ్డని మడిచి పక్కన పెట్టేసింది.

తొమ్మిదేళ్ల కిందట ఆమె భర్త చేపలవేటకి వెళ్లి తిరిగి రాలేదు. మొగుడు పోతే ఏడాది పాటు నలుపు కట్టాలి. చేతిలో డబ్బుల్లేక అన్నిటికంటే చవకది కొనుక్కుంది. చెమట పట్టినా వానకి తడిసినా రంగు కారి మెడంతా మసిబారేది. నాలుగో నెలకల్లా గుడ్డ మట్టిరంగుకి తిరిగింది. చర్చి మెట్ల మీద ఒకావిడ, “సెయినీ ఏడుపు కూడా దాని గుడ్డలాగే వెలిసిపోతోంది” అంది. నలుగురూ నవ్వారు. మనాసే అక్కడే ఉన్నాడు. నవ్వకుండా తల దించుకున్నది అతనొక్కడే. ఇప్పటికీ అద్దం ముందు నిలబడితే సెయినీ చూపు ముందు మెడ మీదకే పోతుంది. అక్కడ మచ్చేమీ లేదు. ఆమెకి మాత్రం కనిపిస్తూనే ఉంటుంది.

“మంచి గుడ్డకి పెట్టింది ఎక్కడికీ పోదు వదినా,” అంది చివరికి.

“నీ బేరం నువ్వు చూసుకో తల్లీ!” అని మూతి తిప్పుకున్నా, కొలతలకి చేతులెత్తి నిలబడింది వైలేయా. “సరే, ఆ టేపుతోనే ఈయన నడుము కూడా చూడు. ప్యాంటు జారిపోతోంది.”

“మళ్లీనా? మూడు నెలల్లో రెండుసార్లు బిగించానే!”

“తిండిలో కూడా పొదుపు మొదలెట్టాడులే. ఆక్లండ్‌లో తమ్ముడింట్లో మూడు వారాలుండి ఇలా ఎండిపోయి వచ్చాడు. వాళ్లు అన్నం పెట్టారో, చర్చి పాటలు పాడించుకుని పంపేశారో!”

“అక్కడి తిండి నాకు పడలేదు,” అన్నాడు మనాసే నవ్వుతూ. నడుము కొలవనివ్వలేదు. “దానికి బెల్టు ఉందిలే.”

భర్తతో వాదించడం వైలేయాకి విసుగనిపించింది. కర్రపెండలం అయిపోతుందంటూ బుట్ట తీసుకుని మార్కెట్‌లోకి వెళ్లిపోయింది. మనాసే కిటికీ దగ్గరికి జరిగాడు. ఎదురుగా ఆమె ఎవరితోనో గట్టిగా బేరమాడుతోంది. ఏం మిగుల్చుకుందో ఏమో, పకపకా నవ్వుతోంది.

“ఎన్ని జతలు అన్నయ్యా?”

“నాలుగు. పక్కకుట్లలో గుడ్డ కాస్త ఎక్కువ వదులు. చిక్కినా లావెక్కినా సరిపోవాలి. ఏడాదంతా రోజూ కట్టినా వెలిసిపోకూడదు.”

“పది రోజులకి నాలుగు జతలా! ఈ వైభవం తెలిస్తే మీ అత్త సంతోషంతో ఇంకో పదేళ్లు బతికేస్తుంది.”

అతను నవ్వలేదు. కిటికీ మీంచి చూపు తిప్పకుండానే అడిగాడు. “నీ మెడ మీద ఆ రంగు ఎన్నాళ్లకి పోయింది సెయినీ?”

తొమ్మిదేళ్లలో ఎవరూ అడగని మాట అది. సెయినీ చెయ్యి దానంతటదే మెడ మీదకి వెళ్లింది.

“పోలేదన్నయ్యా.”

అతను మెల్లిగా తలూపాడు. జేబులోంచి నోట్లు తీసి బల్ల మీద పెట్టాడు. బేరమాడలేదు. అతనలా చెయ్యడం సెయినీ ఎప్పుడూ చూడలేదు. ఏదో ఒకటి అనకపోతే ఏడుపొచ్చేలా ఉంది ఆమెకి.

“ఎప్పటికి కావాలి?”

“క్రిస్మస్‌లోపు.”

“క్రిస్మస్ దాకా ముసలమ్మ ఉండదనా?”

“అత్త ఉంటుంది,” అన్నాడు మనాసే.