పెద్ద మోటారు

మోటార్లు బాగుచేసే మెకానిక్, భార్య కోసం వైబ్రేటరు ఏరికోరి కొనుక్కొచ్చాడు. మూడో రోజు ఆమె దాన్ని పెట్టెతో సహా అతని ఒళ్లోకి విసిరింది.

“ఇది వద్దు. చిన్నది తీసుకురా.”

“షాపులో దీన్ని మించింది లేదే! మోటారు పవరెంతో తెలుసా?”

“నేనేమన్నా బావి తోడాలా? లోపల దడదడలాడి నొప్పి తప్ప ఏం లేదు. పైన ఆనించేది ఉంటుంది, అది చాలు.”

“బొటనవేలంత దానితో సుఖమేంటే?”

“నీకేం తెలుసు? పదిహేనేళ్లుగా నువ్వూ లోపలే వెతుకుతున్నావు.”

అతని మొహం మాడిపోయింది. “అయిందా అంటే అయిందనేదానివిగా?”

“లేకపోతే నిద్రపోనిచ్చేవాడివా? అయిందా అని అడిగావు. ఎక్కడ అని ఒక్కసారైనా అడిగావా, మహానుభావా?”

మెకానిక్ ఒళ్లో పెట్టెను తీసి పక్కన పెట్టాడు.

“ఎక్కడ?” అన్నాడు చివరికి, కొత్తగా పని నేర్చుకునేవాడిలా.