వాతల భీమక్క

మనవణ్ణి కొంగులో దాచుకుని జమ్లి వాగు దాటింది. వెనకే కొడుకు దేవ్లా, పచ్చి బాలింత కోడలు ద్వాలి.

పిల్లాడు మొన్ననే పుట్టాడు. కాళ్లు ముందొస్తే మంత్రసాని లాగి తీసింది. ఈ పొద్దుటికల్లా కడుపుబ్బింది, పాలు మానేశాడు.

ఉబ్బిన కడుపుకు తండాలో తెలిసిన మందు ఒకటే. కాల్చిన కడ్డీతో బొడ్డు చుట్టూ వాతలు. అందులో గూడెం భీమక్కదే పెద్ద పేరు.

ఒడ్డున బట్టలుతుకుతున్న ముసలామె అడ్డమొచ్చింది. ఎవరూ అడక్కుండానే కొంగు తీసి చూసింది. కడుపు బిగుసుకుని ఉంది, బొడ్డు చుట్టూ నీలం. పెదవులు సున్నంలా తెల్లబడ్డాయి.

“లాగి తీసిండ్రా?”

ద్వాలి తలూపింది.

“ఇది గాలి కాదు బిడ్డా. లోపల నెత్తురు కారుతుంది. జల్దీ రోడ్డెక్కుండ్రి, బస్సొచ్చే యాళ్లయింది. దవాఖానాల సూదిస్తరు, నెత్తురెక్కిస్తరు.”

జమ్లికి ఒళ్లు మండింది. పేరు పెట్టని పసివాణ్ణి పరాయి కంట పడనీయరు, ఈమె తాకింది కూడా! నీకెట్లా తెలుసని నిలదీసింది.

“గిట్లాంటి కడుపు మీద వాత పెట్టంగ చూసిన. పిల్ల దక్కలే.”

భీమక్క పెడితే దక్కుతుందని జమ్లి తెగేసి చెప్పింది.

ముసలామె పిల్లాడి మీద కొంగు మళ్లీ కప్పింది.

“భీమక్క లేదు. చచ్చిపోయింది. పోండ్రి.”

ఎంత మాట! నిన్న సంతలో భీమక్కను చూసినవాళ్లే చెప్పి పంపారు. కుళ్లుబోతు ముసలిదని జమ్లి లోలోపలే తిట్టుకుంది. దేవ్లా మాత్రం పైకి సరేనని రోడ్డు వైపు తిరిగాడు. ముసలామె నెమ్మదించి మళ్లీ బట్టల దగ్గర కూర్చుంది.

ఆమె కనుమరుగవగానే తల్లీకొడుకులు వెదురు పొదల చాటున గూడెం దారి పట్టారు. బస్సెక్కుదామని ద్వాలి కాళ్లావేళ్లా పడింది. అత్త వినలేదు.

భీమక్క గుడిసెకు తడిక వేసి ఉంది. ఎక్కడికీ పోలేదు, వస్తది కూసోమన్నాడు పక్కింటి పోతయ్య.

భీమక్క రాగానే ఆలస్యం కాకూడదని దేవ్లా వాకిట్లో నిప్పు రాజేసి, చూరులోని కడ్డీ అందులో పెట్టాడు. అది ఎర్రబడింది. రోడ్డు మీద బస్సు హారన్ కొట్టుకుంటూ వెళ్లిపోయింది.

పసివాడి మూలుగు ఆగింది. నిద్రపట్టిందని జమ్లి కొంగు సవరించింది. ద్వాలి వాడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, ఊపిరి తగలక కూలబడింది.

“అగో, వచ్చింది మీ భీమక్క,” అన్నాడు పోతయ్య.

తడిబట్టల మూటతో వాకిట్లో నిలబడిపోయింది వాగు ఒడ్డు ముసలామె.